బోటుకీ మోకాలికీ ముడి

చౌడేశ్వరీ, ఇట్లా రా.
వేక్‌బోర్డు కింద పెట్టు.
నీళ్లలోకి దిగేముందు
ఈ నల్లబండ మీద రొవంతసేపు కూచో.

గండికోట దిక్కు కొండ అంచు
ఇప్పుడిప్పుడే ఎర్రబడతాండాది.
మైలవరం డ్యాం నీళ్లు
అప్పుడే మగ్గం మీదనుంచి కోసిన చీర మాదిరి
మడత లేకుండా పడుకోనుండాయి.
చూసి మోసపోబాకు.
గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంలో పడితే
అవి నీళ్లు కావు,
మా నాయన క్వారీలో పగలగొట్టిన బండలు.

నా ఎడమ మోకాలు చూడు.
కుట్లు పదకొండు.
ఆ పొద్దు అల మీద నుంచి ఎగిరినా.
ఎగరడం బాగనే ఎగిరినా,
దిగేటప్పుడే కాలు రోకలి మాదిరి బిగబట్టినా.
టక్‌మనింది.
ఎండిన కందికట్టె ఇరిచిన చప్పుడు.
అంత ఇంజన్ మోతలో
బోటు నడిపే దస్తగిరన్నకు గూడా వినపడిందంట.

ప్రొద్దుటూరు డాక్టరు ఫిల్మును దీపానికెత్తి చూసి
లోపల తాడు తెగిందమ్మా అన్యాడు.
నాకు తెల్సిన తాడు
బోటుకు కట్టేది ఒకటే.
మనిషి లోపల ఇంకోటుంటాదని
తెగినాకనే తెలిసింది.

తొమ్మిది నెలలు.
గోడకు వీపానించి
లేని కుర్చీలో కూచునేది.
ఒంటికాలి మీద నిలబడి పండ్లు తోముకునేది.
మా జేజి చూసి చూసి,
"ఏమే మాబున్నీ, కొంగవా, ఆడపిల్లవా?" అనింది.

అందుకే చెప్తాండా.
లేచేటప్పుడు తొందర వద్దు.
మోకాళ్లు రొమ్ముకానించి ముడుచుకోనుండు,
బోటు నిన్ను లాగనీ,
నువ్వు బోటును లాగబాకు.
దానికి నూటయాభై గుర్రాలు,
నీకు రెండు చిప్పలు.

లేచినాక పూర్తిగా నిక్కబాకు.
గుంత మగ్గంలో మీయమ్మ పాదాలు
తొక్కుడుచెక్కల మీద ఎట్లుంటాయో చూసినావా?
బిగబట్టదు, వదిలెయ్యదు.
ఆ ఒడుపు నేను నేర్పేది ల్యా,
మీ ఇంట్లోనే పొద్దున్నుంచి మాపుదాకా
టకటకమంటాంటాది.

ఎగిరితే పిల్లి దిగినట్టు దిగు.
మోకాలు బొటనవేలి దిక్కే చూడాల.
లోపలికి వాలిందా, మెలి తిరిగిందా,
గట్టుకు నిన్ను మోసుకుపోయేది మేమే.

బోర్డు బూట్లు రెండూ ఒకే బిగువు.
ఒక కాలు ఊడి ఒకటి ఇరుక్కుంటే
మిగిలిన కాలికి దిక్కులేదు.
ఆ మునిగిన కంపమోడుల తావుకు పోబాకు.
ఎండాకాలం నీళ్లు దిగితే
అవి పైకి కనపడవు, కిందనే కాచుకోనుంటాయి.

పడతాండానని తెలిసిందా,
పిడి వదిలెయ్.
పరువు పట్టుకోని వేలాడద్దు.
గట్టున ఫోన్లు పట్టుకోని నిలబడినోళ్లు
నవ్వితే నవ్వనీ,
వాళ్ల మోకాళ్లు ప్యాంట్లలో భద్రంగా ఉండాయి.

ఇంగొకటి.
"ఒక్క రౌండక్కా, ఇంకొక్క రౌండు" అంటావు చూడు,
కాళ్లు వణుకుతాన్నా అంటావు చూడు.
నాదీ ఆ ఒక్క రౌండే.

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టేదెందుకని
మావోళ్లు ఎగతాళి చేసినారు
నేను డ్యాంకొస్తానన్నప్పుడు.
వాళ్లకేం తెల్సు,
నేను పెట్టింది బోటుకీ మోకాలికీ.
ముడి బాగనే వేసినా.
విప్పే యాల తెలీక పోయింది.

నువ్వు తల ఊపుతాండావు.
కండ్లు మాత్రం నీళ్ల మీదనే ఉండాయి.
నా కండ్లూ అప్పుడు అట్లనే ఉండ్నాయి,
ఎవరేం చెప్పినా
చెవుల దాకా రాలేదు.

సరే, లెయ్.
దస్తగిరన్న టీ తాగి వచ్చేలోపల
ఇరవై గుంజీళ్లు.
నేనూ తీస్తా నీతోపాటు.
పదిహేడో దానికాడ
నా మోకాలు పాత తలుపు మాదిరి కిర్రుమంటాది.
నవ్వినావంటే
ఇంకో పది.